కంపు తిరిగొచ్చిన రోజు

మెదక్ పట్టణం చివర, మూతబడిన కంపెనీ గోడ వెనకాల, ఆ ఎండాకాలమంతా ఒక కంపు కొట్టింది. కుళ్ళిన గుడ్లు, పులిసిన కుడితి కలిపి ఎండలో పెడితే ఎలా ఉంటుందో అలాంటి కంపు. దారిన పోయేవాళ్ళు కొంగులూ దస్తీలూ ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. షేర్ ఆటోల వాళ్ళు ఆ మలుపు దగ్గరికి రాగానే వేగం పెంచేవారు. ఆ కంపుకు మురిసిపోయిన మనిషి పట్టణం మొత్తంలో ఒక్కతే. ఆమె పేరు వర్షిత.

వర్షిత మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసింది. పాపన్నపేటలోని వాళ్ళ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమే. తండ్రి నర్సింగం కిరాయికి ట్రాక్టరు తోలుతాడు. హైదరాబాదులో శశిధర్ అనే ప్రొఫెసరు కింద కూతురికి ప్రాజెక్టు కొలువు దొరికిందని తెలిసినప్పుడు ఆయన గల్లీ అంతా మిఠాయి పంచాడు. ఆ కొలువులో పనేమిటో తెలిసినప్పుడు మాత్రం మిఠాయి తిన్నవాళ్ళకు మొహం చూపించడానికి వెనకాడాడు.

"ఎమ్మెస్సీ సదివింది పెండ కలపనీకా బిడ్డా?"

"పెండ ఒక్కటే కాదు నాయినా, చెరుకు మడ్డి గూడ."

"మీ అమ్మ ఏం సదువకుండనే కలుపుతది గదనే!"

"అమ్మ కలిపితే పిడకలైతయ్. నేను కలిపితే విషం విరుగుతది. రేపు ట్రాలీ నిండ బర్రె పెండ పట్కరా."

నర్సింగం నెత్తి గోక్కున్నాడు. అయినా మర్నాడు ట్రాలీ నింపుకొనే వచ్చాడు.

ఆ గోడ వెనక ఒకప్పుడు బండలు పేల్చే మందు తయారయ్యేది. గుట్టలు పగలగొట్టే క్వారీలకూ, బావులు తవ్వే వాళ్ళకూ ఇక్కడి నుంచే పోయేది. జనం దాన్ని పటాకల కంపెనీ అనేవారు. యంత్రాలూ గదులూ కడిగిన నీళ్ళను వెనకున్న గుంతలోకి వదిలేవారు. వదిలినప్పుడు అవి మామూలు నీళ్ళలాగే కనిపించేవి. ఎండ తగిలిన కొద్దీ ఎర్రబడేవి. కంపెనీ దివాలా తీసింది, గేటుకు తాళం పడింది, యజమానులు ఎటు పోయారో ఎవరికీ తెలియదు. మందు మాత్రం మట్టిని వదిలిపెట్టలేదు. వాన పడ్డప్పుడల్లా కొంచెం కొంచెంగా కిందికి దిగి, గోడ అవతల ఉన్న ఎలిశిబా బావిలో చేరింది.

ఎలిశిబా బతుకంతా ఆ బావి మీదే నడిచింది. ఆమె భర్త గాబ్రియేలు ఆ కంపెనీలోనే పనిచేస్తూ సెలవు రోజుల్లో తవ్విన బావి అది. మధ్యలో బండ అడ్డం పడితే కంపెనీ మందు పెట్టే పేల్చాడు. ఆయన పోయాక ఎలిశిబా ఆ నీళ్ళతో తోటకూర, పాలకూర, కొత్తిమీర పెంచింది. తెల్లారేసరికి రాందాస్ చౌరస్తాలో కట్టలు పేర్చుకుని కూర్చునేది. ఎలిశిబక్క కూర అని అడిగి మరీ కొనేవారు. నీళ్ళు ఎర్రబడ్డాక ఎవరో వద్దనే దాకా ఆమె ఆగలేదు. "నేను తినంది ఇంకొకల పిల్లలకు ఎట్ల పెడ్త?" అని తనే మడులు ఎండబెట్టింది. ఇప్పుడు వేరేవాళ్ళ తోటల్లో కూర కొని తెచ్చి అమ్ముకుంటోంది.

అధికారులు వచ్చి చూసి, ఈ బావిని పూడ్చి పైన సిమెంటు పలక వేయాలని తేల్చారు. వాళ్ళ మాటలో అన్యాయమేమీ లేదు. ఏ పసిపిల్లో, ఏ పశువో ఆ నీళ్ళు తాగితే ఎవరు జవాబు చెబుతారు? బావి గట్టు పక్కనే ఒక టిప్పరు బండరాళ్ళు పోయించి వెళ్ళారు. అప్పుడే శశిధర్ సారు అడ్డం పడ్డాడు. గుంతలో మట్టి కొంత తీసి, తొట్టిలో వేసి, బ్యాక్టీరియాతో శుభ్రం చేసి చూపిస్తామన్నాడు. అది కుదిరితే గుంత మొత్తాన్నీ, ఆ తర్వాత బావి నీళ్ళనూ అదే దారిలో బాగు చేయవచ్చు. కుదరకపోతే రాళ్ళు బావిలో పడతాయి. కాలుష్యం సంగతి చూసే ఆఫీసు నుంచి సువర్ణ మేడం వచ్చి చూసి చెప్పేదాకా రాళ్ళు గట్టు మీదే ఉండాలని ఒప్పందం కుదిరింది.

సారు హైదరాబాదులో ఉంటాడు. ఇక్కడ పని మొత్తం వర్షితదే. గది అంత వెడల్పున నేల తవ్వించి, లోపల మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిపించింది. అందులో గుంత మట్టి, నీళ్ళు, బర్రె పెండ, చెరకు మడ్డి కలిపించింది. సారు సీసాల్లో పంపిన బ్యాక్టీరియా ఇక్కడి మట్టికి తట్టుకోలేక చతికిలబడింది. వర్షిత కంగారు పడలేదు. కంపెనీ గోడ కింది మోరి కాలువ వెంబడి నడిచి చూసింది. ఎర్ర నీళ్ళు పారిన చోట ఎక్కడా ఏమీ మొలవలేదు గానీ, ఒక్క జానెడు జాగాలో మాత్రం గడ్డి ఉంది. అక్కడి బురద తెచ్చి మడ్డి పెట్టి పెంచింది. ఆ విషంలోనే బతకడం నేర్చుకున్న బ్యాక్టీరియా అది. తొట్టిలో పోసి, పైన గాలి చొరకుండా తార్పాలు కప్పి, అంచుల మీద ఇసుక సంచులు పేర్చింది. కొన్నాళ్ళకే కంపు మొదలైంది.

"ఏం కంపే బిడ్డా ఇది! మా ఇంటికి సుట్టాలు వచ్చుడు బందైంది," అంది ఎలిశిబా, గోడ పక్కన కూలబడుతూ.

"కంపొస్తుందంటే పని నడుస్తుందన్నట్టు, పెద్దమ్మా."

"ఎవ్వలు చేస్తుండ్రు పని? నువ్వేమో నీడకు కూసుంటివి."

"పురుగులు. కంటికి కనవడయ్."

"పటాకల మందు తింటయా అవి? కడుపుల పేలదా?"

వర్షిత పకపకా నవ్వింది. "మన్నుల కలిసి, నీళ్ళల్ల నానినంక ఇగ పేలదు. విషమే మిగిలింది. గా మందును మూడు కొమ్ముల బర్రె అనుకో. ఆ కొమ్ములల్ల ఆక్సిజన్ ఉంటది. గాలి అందకుంట కప్పిపెడితే, ఈ పురుగులు ఊపిరి కోసం ఆ కొమ్ములల్లకెల్లి గుంజుకుంటయ్. ఒక్కో కొమ్ము విరుగుతది. మూడూ విరిగినంక అది ఉత్త బోడి బర్రె. పెండకు, మన్నుకు అతుక్కొని పడుంటది, బావి దాక రాదు."

"మూడూ విరుగుతయా?"

"రెండు అల్కగ విరుగుతయ్. మూడోది మొండిది. జరంత గాలి సొచ్చినా విరగదు. గందుకే తార్పాలు ముట్టొద్దని అందరికీ చెప్తున్న."

"మల్ల గీ మడ్డి ఎందుకు?"

"పని చేసెటోళ్ళకు బువ్వ పెట్టొద్దా?"

"గది న్యాయం," అంది ఎలిశిబా. అంతవరకూ చెప్పిన దానికంటే ఆ ఒక్క మాట ఆమెకు బాగా నచ్చింది.

వర్షిత చేసిన పని ఇంకొకటుంది. ఇంట్లో పెరుగు గిన్నె ఖాళీ చేసే ముందు తల్లి తోడు కోసం రెండు చెంచాలు పక్కకు తీసి పెట్టడం ఆమె పుట్టినప్పటి నుంచీ చూసింది. అందుకే తొట్టి మొదలుపెట్టక ముందే ఒక నీలం డ్రమ్ములో అదే మట్టి, అదే బురద కలిపి, మూత బిగించి, ఎలిశిబా ఖాళీ పశువుల కొట్టంలో పెట్టింది. "గోడవతల సాలక నా కొట్టంల గూడ తెచ్చిపెట్టినవా కంపును?" అని ఎలిశిబా గొణిగింది. గొణిగినా, డ్రమ్ము మీద ఎండ పడకుండా పాత గోనె సంచి కప్పింది ఆమే.

ఒక రోజు సాయంత్రం శశిధర్ సారు ఫోన్ చేశాడు. వచ్చే నెల రావలసిన సువర్ణ మేడం రేపే వస్తోందనీ, తాను రావడం కుదరదనీ చెప్పాడు.

"ఏం ఫికర్ లేదు సార్. తొట్టి సగం దారిల ఉంది, డ్రమ్ము చివరికొచ్చింది. రెండూ చూపిస్త," అంది వర్షిత. ధైర్యం కోసం అన్నది కాదు, ఆమెకు అంతా తెలిసే అన్నది.

ఆ కబురు వర్షితతో పాటు చంద్రకాంత్‌కూ చేరింది. అక్కడే వచ్చాయి తిప్పలన్నీ.

చంద్రకాంత్ ఆ వైపు గల్లీల్లో చెత్తా మోరీల పని చూసే కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీ. పని దొంగ కాదు. ఎవరైనా పెద్ద ఆఫీసరు వస్తున్నాడంటే ఆయనకు కాలు నిలవదు. తొవ్వ ఊడిపించాలి, రెండు పక్కలా బ్లీచింగ్ పౌడరుతో తెల్లగా గీతలు కొట్టించాలి, కంపున్న చోట ఇంకో రెండు దోసిళ్ళు ఎక్కువ చల్లించాలి. ఇన్నేళ్ళలో ఏ ఆఫీసరూ ఆయన హద్దులో ముక్కు మూసుకోలేదు. ఈ ఒక్క తొట్టి దగ్గరే ఆయన ఇజ్జత్ పోతోంది.

మర్నాడు పొద్దున వర్షిత తండ్రి ట్రాక్టరు మీదే వచ్చింది. మలుపు తిరగ్గానే తొవ్వకు అటూ ఇటూ తెల్లటి గీతలు, దారం పట్టి కొట్టినట్టు నిటారుగా కనిపించాయి.

"ఎవలదన్న లగ్గమా ఏంది?" అన్నాడు నర్సింగం.

వర్షిత ఆ గీతలు చూడలేదు. ఆమె ముక్కు ఎగబీల్చింది. మళ్ళీ ఎగబీల్చింది.

"నాయినా, జర ఆపు. నీకు కంపొస్తుందా?"

నర్సింగం గాలి పీల్చాడు. "లేదు. మంచిగనే ఉంది గద."

ట్రాక్టరు ఆగకముందే ఆమె దూకి పరుగెత్తింది.

తార్పాలు చక్కగా మడతపెట్టి గోడ పక్కన ఉంది. ఇసుక సంచులు వరసగా పేర్చి ఉన్నాయి. తొట్టి అంచులన్నీ పెరుగన్నంలా తెల్లగా ఉన్నాయి. నిన్నటిదాకా ముదురు ఎరుపుగా ఉన్న పై నీళ్ళు తేటగా మెరుస్తున్నాయి. ఖాళీ బ్లీచింగ్ సంచుల పక్కన చంద్రకాంత్ నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు.

"రండ్రి మేడం, రండ్రి! చూసిండ్రా? ఒక్క ఈగ లేదు. స్టాకంత ఇక్కడనే కొట్టిన. అడుగు దాక పోవాల్నని మావోళ్ళతోని గుంజలు పెట్టి కలియబెట్టిచ్చిన."

వర్షిత తొట్టి అంచుకు పోయి వంగి చూసింది. ఈలోగా ఎలిశిబా వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"బిడ్డా, ఎరుపు పోయింది! చూసినవా? నీ పురుగులు ఇన్ని దినాలసంది కిందమీద పడ్డయ్, చంద్రకాంత్ తమ్ముడు ఒక్క పూటల తెల్లగ చేసిండు!"

"బావిల గూడ కొడదామక్కా. ఇంకో బండి తెప్పిస్త," అన్నాడు చంద్రకాంత్.

"కొట్టు తమ్మీ, మేడం రాకముందే కొట్టు!"

"ఆగుండ్రి!"

వర్షిత గొంతు అంత గట్టిగా వస్తుందని అక్కడెవరికీ తెలియదు. నర్సింగానికి కూడా తెలియదు.

"బావిల ఏం వెయ్యొద్దు. పెద్దమ్మా, రంగు పోయింది గానీ మందు పోలేదు. తెల్లంగి మీద మరక పడ్తే బ్లీచింగ్ పెడ్తం గద, గట్లనే ఇది. పైకి కనవడకుండ అయింది, గంతే. పని చేసే పురుగులు సచ్చిపోయినయ్."

చంద్రకాంత్ అయోమయంగా చూశాడు. "పురుగులు సావాల్ననే గద మేడం, బ్లీచింగ్ కొట్టేది?"

తొట్టి పక్కన తాను పాతించిన బోర్డు వైపు వర్షిత చూసింది. మూత తీయకూడదని అందులో రాసి ఉంది. అంతా ఇంగ్లీషులో ఉంది. పది దాకా తెలుగు మీడియంలో చదివిన మనిషి రాయించిన బోర్డు అది! ఆమె కోపం చంద్రకాంత్ మీది నుంచి తన మీదికి మళ్ళింది.

నర్సింగం కూతురిని పక్కకు లాగాడు. "బిడ్డా, నా మాటిను. రంగు లేదు, కంపు లేదు. మేడం వస్తది, చూస్తది, మెచ్చుకొని పోతది. నిన్నెవరన్న అడిగిండ్రా? మెల్లగ మల్ల చేసుకుందువు. ముందుగాల గా ముసలామె బావి నిలవడనీ."

"నిలవడది నాయినా. ఇయ్యాల మెచ్చుకుంటది. మన్ను ల్యాబ్‌కు పోతది, ఆడ మందు బయట పడ్తది. అప్పుడు బ్లీచింగ్ పేరు ఎవ్వరూ తియ్యరు, పురుగులతోని కాలేదంటరు. నిజంగ అయిన పని గూడ కాలేదంటరు. గప్పుడు ఈ బావే కాదు, ఇంకో బావి గూడ ఎవ్వరూ చెయ్యనియ్యరు."

నర్సింగం ఏదో అనబోయాడు. అంతలో జీపు చప్పుడైంది.

సువర్ణ మేడం పొలం గట్ల మీద తిరగడం అలవాటున్న మనిషి. కాన్వాసు బూట్లతో టకటకా నడిచి వచ్చి, తొట్టి అంచున నిలబడి చూసింది.

"బాగుందే! ఈ వాసన మీద నాకు ఎన్ని కంప్లైంట్లు వచ్చాయో తెలుసా? రంగు కూడా పోయింది. ఉండండి, ఫొటో తీసుకుంటాను."

ఎలిశిబా కళ్ళన్నీ వర్షిత మీదే ఉన్నాయి. ఏమీ అనొద్దని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి.

"ఫొటో వద్దు మేడం," అంది వర్షిత. "ఇది శుభ్రం కాలే. పొద్దున బ్లీచింగ్ పడ్డది. రంగు దాంతోనే పోయింది. మీ ముందరే పరీక్ష చేస్త."

తొట్టి లోపలి నుంచి మట్టి తీసి గాజు సీసాలో వేసింది. ముందు బ్లీచింగ్‌ను విరిచే ఉప్పు కలిపింది. తర్వాత అసిటోన్ పోసి ఊపి, వడకట్టింది. గోళ్ళరంగు తుడిచే మందులాంటి ఘాటు వాసన వచ్చింది. మందు ఇంకా ఉంటే చివర్లో వేసే చుక్కలకు ఎర్రగా మారుతుందనీ, లేకపోతే మట్టి రంగులోనే ఉంటుందనీ చెప్పి, చుక్కలు వేసింది. సీసా దానిమ్మ రసంలా ఎర్రబడింది.

ఎలిశిబా ఆ సీసాను చూసింది. మెల్లగా వెళ్ళి బావి పక్కన రాళ్ళ కుప్ప మీద కూర్చుంది.

"తప్పు నాదే మేడం," అన్నాడు చంద్రకాంత్, తలపాగా చేతిలోకి తీసుకుంటూ. "వీళ్ళకు ఎర్కలేదు. నేనే కొట్టిన. రాసుకోండ్రి."

"మీ పేరు రాసుకుంటే మట్టి శుభ్రమవుతుందా?" అని, సువర్ణ వర్షిత వైపు తిరిగింది. "నువ్వు చెప్పకపోతే నాకు ఇవాళ తెలిసేది కాదు. చెప్పావు, సంతోషం. కానీ ఇప్పుడు నేనేం రాయాలి? ఉన్నదున్నట్టు రాస్తే ఆ రాళ్ళు బావిలో పడతాయి. అది తెలిసే చెప్పావా?"

"తెలిసే చెప్పిన మేడం. రాసే ముందు ఇంకొక్కటి చూడుండ్రి."

అందర్నీ ఎలిశిబా కొట్టంలోకి తీసుకుపోయింది. గోనె సంచి తీసి డ్రమ్ము మూత విప్పింది. కంపు బయటికి దూకినట్టుగా వచ్చింది. సువర్ణ రెండడుగులు వెనక్కి వేసింది. చంద్రకాంత్ దగ్గాడు. పొద్దుటి నుంచి మొదటిసారి వర్షిత మొహం మీద నవ్వు కనిపించింది.

"ఇదీ గదే గుంత మన్ను మేడం. తొట్టి కంటె ముందుగాల మొదలు వెట్టిన. ఇదేమో ఏం కలపకుండ దాచిన మన్ను," అని ఒక డబ్బా కూడా చూపించింది.

బావి గట్టు మీద సీసాలు వరసగా పెట్టింది. ఏమీ కలపని మట్టి సీసా నెత్తురులా ఎర్రబడింది. తొట్టిది దానిమ్మ రంగు. డ్రమ్ములోది చుక్కలు వేసినా, ఊపినా, ఎండకు పట్టి చూసినా పలచటి చాయ్ రంగులోనే ఉండిపోయింది.

సువర్ణ ఆ సీసాను తీసి చాలాసేపు చూసింది. "సగం విరిగిన మందు సంగతేమిటి? అదీ విషమే. ఈ పరీక్షకు అది దొరకదు కదా."

"దొరకది మేడం. మీ ల్యాబ్‌ల దొరుకుతది. ఆ పరీక్ష తప్పకుండ రాయుండ్రి. మీరే మన్ను తీసుకోండ్రి, మీరే సీలు వెయ్యండ్రి. నేను ముట్ట."

"అంత నమ్మకమా?"

"నమ్మకం కాదు మేడం. మూడో కొమ్ము గూడ విరిగేదాక మూత తియ్యలే. ఎన్ని దినాలకు ఏ కొమ్ము విరుగుతదో లెక్క రాసుకుంట వస్తున్న."

మూడో కొమ్మేమిటో సువర్ణకు అర్థమైనట్టే ఉంది, పెదవి చివర నవ్వింది. తన చేత్తోనే డ్రమ్ములోంచి మట్టి తీసి సీలు వేసుకుంది. జీపు ఎక్కుతూ అంది: "ఈ డ్రమ్ము పాసైతే, వానలు పడే లోపల తొట్టిని మళ్ళీ చేసి చూపించు. అంతదాకా రాళ్ళు కదలకుండా చూసుకుంటాను. వానలు పడితే మాత్రం నా చేతిలో ఉండదు. ఆ గుంతలోని విషం మళ్ళీ బావిలోకి దిగుతుంది."

జీపు పోయాక ఎలిశిబా మళ్ళీ రాళ్ళ మీద కూర్చుంది. అక్కడి నుంచే అడిగింది. "నా కొట్టంల కంపు నా బావిని కాపాడినట్టేనా బిడ్డా?"

"ఇంకా కాపాడలే పెద్దమ్మా. కాపాడుతది."

ఆ రోజు నుంచి చంద్రకాంత్ తన పని అయిపోగానే తొట్టి దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. బ్లీచింగ్ ఘాటు పూర్తిగా పోతే గాని కొత్త బ్యాక్టీరియాను పోయకూడదని వర్షిత చెప్పింది. ఆ పరీక్ష చంద్రకాంత్‌కు తెలిసినదే. నల్లా నీళ్ళలో క్లోరిన్ చూసే చుక్కల మందు వాళ్ళ కాంట్రాక్టరు దగ్గర ఎప్పుడూ ఉంటుంది. నీళ్ళు పసుపుపచ్చగా మారితే క్లోరిన్ ఉన్నట్టు. నల్లాలో పచ్చబడకపోతే కంగారు పడే మనిషి, ఇక్కడ పచ్చబడితే కంగారు పడ్డాడు. పొద్దునా సాయంత్రం సీసా ఎండకు పట్టి చూసి, "ఇంకా ఉంది మేడం, దొంగముండది పోతలేదు," అని ఫోన్ చేసేవాడు. పెండా మడ్డీ ఇంకొంచెం కలిపారు. చివరికి ఒక రోజు నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

అప్పుడు డ్రమ్ములో సగం తీసుకెళ్ళి తొట్టిలో పోశారు.

"సగమే పోస్తున్నవేంది? మొత్తం గుమ్మరియ్యి," అంది ఎలిశిబా.

"తోడుకుండాలె గద పెద్దమ్మా."

తార్పాలు కప్పారు. ఇసుక సంచులు పేర్చారు. ఇంగ్లీషు బోర్డు తీసేసి, పెద్ద తెలుగు అక్షరాలతో కొత్తది పాతారు. అందులో ఏం రాయాలో చంద్రకాంత్ చెప్పాడు: "ఇక్కడ మంచి పురుగులు పనిచేయుచున్నవి. మూత తీయరాదు. బ్లీచింగ్ చల్లరాదు."

ఇక ఎదురుచూడటమే మిగిలింది. రోజులు గడుస్తున్నాయి, కంపు లేదు. నర్సింగం ప్రతి సాయంత్రం ఇంటికి రాగానే, "వచ్చిందా?" అని అడిగేవాడు. వర్షిత తల అడ్డంగా ఊపి అన్నానికి కూర్చునేది. ఎలిశిబా పని ఉన్నా లేకపోయినా గోడ వైపు వచ్చి గాలి పీల్చి పోయేది. వర్షిత మాత్రం రోజూ తార్పాలు కిందికి పెట్టిన గొట్టంలోంచి మడ్డి కొలిచి పోసి, తార్పాలు అంచులు తడిమి చూసి వచ్చేది. లోపలేం జరుగుతోందో ఆమెకు తెలుసు. కొత్త జాగాలో కుదురుకోవడానికి ఎవరికైనా కొంత టైం పడుతుంది. అయినా ఒక రోజు ఆకాశంలో మబ్బు కనిపిస్తే, ఆ సాయంత్రం ఇంకోసారి వచ్చి తొట్టి దగ్గర గాలి పీల్చి చూసింది.

ఒక పొద్దున ఆమె షేర్ ఆటోలో ఉండగా ఫోన్ మోగింది.

"మేడం! కొడుతుంది!" చంద్రకాంత్ అరుపు పక్క సీటు వాళ్ళకు కూడా వినబడింది. "మస్తు కొడుతుంది! కడుపుల తిప్పుతుంది! మా వోళ్ళందరు దూరం ఉరికిండ్రు!"

"నిజంగనా అన్నా?"

"అగో, నేను అబద్ధమాడ్తనా? పిలగాండ్లు ఆడుకోనీకి వస్తలేరు ఈ తొవ్వల!"

ఆటోలో ఉన్న ఆగమ్మ అనే పెద్దావిడ, "ఏమైంది బిడ్డా, ఇంట్ల అంత మంచిదేనా?" అని అడిగింది. వర్షితకు నవ్వాగలేదు. "మంచిదే అవ్వా. కంపొచ్చిందట," అంది. ఆగమ్మ ఆ తర్వాత చౌరస్తా దాకా ఆమె వైపు అనుమానంగానే చూసింది.

వర్షిత వెళ్ళేసరికి ఎలిశిబా తొట్టి పక్కనే నిలబడి ఉంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు.

ఆ వారంలోనే డ్రమ్ము మట్టి రిపోర్టు వచ్చింది. మందు లేదు. సగం విరిగినవి ఉన్నాయా అంటే, హద్దుకు ఎంతో కింద, ఉన్నాయో లేవో అన్నంత. శశిధర్ సారు ఫోన్‌లో రిపోర్టు చదువుతూ మధ్యలో ఆగి, "నేను పంపిన బ్యాక్టీరియా కంటే నీ మోరీ బురదే నయమమ్మా," అన్నాడు. వర్షిత ఆ మాట తండ్రికి చెప్పింది. నర్సింగం మళ్ళీ మిఠాయి తెచ్చాడు. ఈసారి పంచుతూ కొలువేమిటో కూడా చెప్పాడు.

తొలకరికి ఇంకొన్ని రోజులు ఉన్నాయనగా సువర్ణ మేడం రెండోసారి వస్తున్నట్టు కబురు చేసింది. ముందురోజు చంద్రకాంత్ వర్షితకు ఫోన్ చేశాడు.

"మేడం, ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యొద్దు. తొవ్వకు ముగ్గు పిండితోని గీతలు కొడితే మీ పురుగులకు ఏమన్న అయితదా?"

"ఏం కాదన్నా. కొట్టుండ్రి."

"ఉత్త ముగ్గే. ఒట్టు. బ్లీచింగ్ సంచి గోదాంల పెట్టి తాళం ఏసిన."

సువర్ణ మేడం తెల్లటి గీతల మధ్య నుంచి ముక్కు మూసుకుని నడిచి వచ్చింది. తొట్టి నాలుగు మూలల నుంచీ, నడిమి నుంచీ, అడుగు నుంచీ మట్టి తీయించి, గట్టు మీద సీసాలు పెట్టించి, చుక్కలు తనే వేసింది. అందరూ వంగి చూశారు. ఒక్క సీసా కూడా ఎర్రబడలేదు. ల్యాబుకు కూడా పంపుతాను, అది వచ్చాక మొత్తం గుంత మొదలుపెట్టండి, తర్వాత బావి నీళ్ళు, అంది. నీళ్ళు తాగొద్దు, మడులకు పెట్టొద్దు, నేను చెప్పేదాకా ఆగాలి అని ఎలిశిబాకు గట్టిగా చెప్పింది.

"ఇన్నేండ్లు ఆగిన. ఆగుత," అంది ఎలిశిబా. "పూడ్సరు గద?"

"పూడ్చరు. ఈ రాళ్ళు తీసేయొచ్చు."

నర్సింగం ట్రాక్టరును వెనక్కి తోలి ట్రాలీని రాళ్ళ కుప్పకు ఆనించాడు. గుంత మట్టికి కట్టబోయే పెద్ద తొట్టికి గట్టు కావాలి. ఆ రాళ్ళు అక్కడికే పోతాయి. చంద్రకాంత్ మనుషులు ఒక్కో రాయి ఎత్తి వేస్తుంటే ట్రాలీ దడదడలాడింది. ఎలిశిబా కూడా ఒక రాయి ఎత్తుకుంది. ట్రాలీలో వేయకుండా, కొంగుతో దులిపి, గోడ పక్క నీడలో పెట్టింది.

"గదెందుకు పెద్దమ్మా?" అంది వర్షిత.

"నీ పురుగులు పని చేస్తుంటే చూసుకుంట కూసోనీకి," అని, దాని మీద కూర్చుని, ఎలిశిబా ఆ కంపును హాయిగా గుండెల నిండా పీల్చుకుంది.